కాళమ్మ వంటగది గోడ, మల్బా ఇసుక

శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్),
తేదీ: 12 మే 2025.

కార్యనిర్వాహక ఇంజనీరు వారి సముఖమునకు,

బ్రూక్షాబాద్ నివాసి, తాపీమేస్త్రి, మైలపల్లి తాతబ్బాయి, వయసు 58 సంవత్సరములు, విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లంబాలైన్‌లో కాళమ్మ అను ఒంటరి స్త్రీ వంటగది గోడను పడగొట్టవలెనని జారీ అయిన నోటీసును నిలుపుదల చేయుట గురించి, మరియు పాత కట్టడాల శిథిలములను ఇసుకకు బదులుగా సిమెంటు మాలులో వాడుటపై పరీక్ష జరిపించుట గురించి.

ఇదే సంగతిపై ఇంతకు ముందు మూడు అర్జీలు హిందీలో పెట్టుకున్నాను. మూడింటికీ రసీదులు ఉన్నవి. జవాబులు లేవు. తమరు జనవరిలో బదిలీపై వచ్చారని, పార్వతీపురం వైపువారని, తెలుగు బాగా చదువుతారని తమ కార్యాలయంలో ఫైళ్లు మోసే దీదీ చెప్పినందున ఈసారి తెలుగులో వ్రాస్తున్నాను. ఏడో తరగతి వరకు ఇక్కడే తెలుగులో చదివాను. తప్పులుంటే మన్నించగలరు.

1. ఈ ద్వీపాలలో ఇసుక కరువు తమకు తెలియనిది కాదు. చెప్పుకోదగ్గ నది లేదు. తీరాన ఉన్న ఇసుకను తీయరాదని నిషేధం ఉన్నది. ఆ నిషేధం న్యాయమైనదే. నా ఇరవయ్యో ఏట నుండి నేనూ నలుగురితో కలిసి తీరం నుండి ఆ ఇసుకను గోనెలలో మోసినవాడినే. సునామీ వచ్చిన ఉదయం మేము తవ్విన గుంతల మీదుగానే నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఆ తరువాత నేను తీరాన పార పెట్టలేదు. ఇది ఎవరూ అడగలేదు. అయినా వ్రాస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు వ్రాయబోయేది తమరు నమ్మాలి.

ఓడల మీద వచ్చే ఇసుకైనా, ఇక్కడి క్వారీ రాతిపొడైనా పెద్ద పనులకే చాలడం లేదు. ఒక గది వేసుకునేవారికి, పడిపోయిన గోడను నిలబెట్టుకునేవారికి వంతు రాదు. సిమెంటు దొరుకుతుంది, గోడ కట్టే దిమ్మలు దొరుకుతాయి, వాటి మధ్యలో పెట్టే మాలుకు ఇసుక ఉండదు.

2. పాత క్వార్టర్లను పడగొట్టినప్పుడు వచ్చిన శిథిలములను (ఇక్కడ మేమందరం మల్బా అంటాము) మా వీధి వెనక పల్లంలో పోయుచున్నారు. వానాకాలం ఆ పల్లమే మాకు కాలువ. అది పూడిపోయి రెండుసార్లు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. తీయించమని అర్జీ పెడితే "పరిశీలనలో ఉన్నది" అని కాగితం వచ్చింది. వచ్చి నాలుగేళ్లు దాటింది. జవాబంటూ వచ్చింది అదొక్కటే కనుక దాచుకున్నాను.

3. అసిరయ్య అను వ్యక్తి ఇరవై ఆరేళ్లుగా నా దగ్గర మాలు కలిపే మనిషి. నాకంటే ఆరేళ్లు చిన్న. 2021లో ఓడలు సరిగా రాక ఇసుక బొత్తిగా లేని రోజుల్లో, పని లేక, మేమిద్దరం ఆ మల్బా కుప్ప మీద కూర్చుని ఉన్నాము. అసిరయ్య ఒక పెళ్ల తీసి రాతి మీద కొట్టాడు. చిదిమి అరచేతిలో పోసి నా ముందు పెట్టాడు.

"ఇది ఇసకే కదేటి, అన్నా. ఒకపాలి ఓడలో వచ్చీసిందే. మళ్లీ దీనికి ఓడెందుకు?" అన్నాడు.

నాకు ముప్పై ఏళ్ల తాపీ పని అనుభవం ఉంది. ఆ మాట నాకు తట్టలేదు. అసిరయ్యకు తట్టింది. ఇది కార్యాలయ రికార్డులో ఉండవలెనని కోరుచున్నాను.

మొదటిసారి కట్టినది చెడిపోయింది. అది కూడా దాచను. మా పెరట్లో గిన్నెలు తోముకునే చోట అడ్డుగోడ కట్టి, అదే పొడితో ప్లాస్టరింగు చేశాము. నెల తిరగకుండా నెర్రెలు వచ్చాయి. నా భార్య కనకలక్ష్మి ఊడుస్తుంటే చీపురు తగిలి పెచ్చు రాలింది. "మీరిద్దరూ వారం రోజులు కట్టింది నేను ఒక్క పొద్దున ఊడ్చేశాను" అంది. ఆమె నవ్వలేదు, మేమూ నవ్వలేదు.

ఆ తరువాత నాలుగు నెలలు అదే పనిగా చూశాము. పెళ్లల్లో కర్ర, ఇనుము, సీలింగులకు వాడే తెల్లటి జిప్సం ముక్క ఏదీ ఉండకూడదు. ఏరేయాలి. చితగ్గొట్టి, పెసరగింజ పట్టే జల్లెడలో ఆడించాలి. జల్లెడ దిగిన ఇసుకలోని మెత్తటి దుమ్మును కడిగేయాలి, ఒకసారి కాదు, నీళ్లు తేటగా వచ్చేవరకు. ఈ ఇసుక నీళ్లు ఎక్కువ తాగుతుంది. ముందే తాగించకపోతే మాలులో ఉన్న నీళ్లు తాగేస్తుంది, సిమెంటుకు మిగలనివ్వదు. మా మొదటి గోడ చెడింది అందుకే. కనుక ముందు రోజు నానబెట్టి, ఒక రాత్రి నీళ్లు వార్చి, మర్నాడు కలపాలి. పిడికిట్లో పట్టి విప్పితే ముద్ద నిలవాలి, చెయ్యి తడవకూడదు. ఆ పదును అసిరయ్య చేతికి తెలిసినంత నాకు తెలియదు.

స్లాబులో గాని, స్తంభంలో గాని మేము దీనిని ఏనాడూ వాడలేదు. దిమ్మకూ దిమ్మకూ మధ్య, గోడ మీద పూతకు, అంతే.

4. కాళమ్మ అసిరయ్యకు అక్క. భర్త చాతం రంపపు మిల్లులో పనిచేసి పోయారు. లంబాలైన్‌లో ఉంటూ పొద్దున్నే ఇడ్లీలు వేసి ఎయిర్‌పోర్టు ఆటోలవాళ్లకు అమ్ముకుంటుంది. ఆమె జీవనాధారం ఆ వంటగదే. 2021 మే నెలలో వానకు దాని వెనక గోడ కూలింది. గోడ మళ్లీ కట్టడానికి ఇసుక కోసం అక్కాతమ్ముళ్లు తొమ్మిది నెలలు తిరిగారు. ఆ తొమ్మిది నెలలు ఆమె వీధి గుమ్మంలో, పైన రేకు ముక్క పట్టించుకుని వండింది. వాన జల్లు పడి పిండి నీళ్లయిపోతే ఆ రోజుకు వ్యాపారం లేదు.

2022 ఫిబ్రవరిలో ఆ గోడను మేము మల్బా ఇసుకతో కట్టాము. కట్టేముందు ఆమెకు చెప్పాము, మా పెరటి గోడ పెచ్చు సంగతి కూడా చెప్పాము.

"పడిపోతే పడిపోద్ది. ఇప్పుడు నిలబడుందేటి?" అంది.

ఐదు రోజుల పని. అప్పటి నుండి మూడు వానాకాలాలు గడిచాయి. పక్కింటి రేకులు ఎగిరిపోయిన గాలికి కూడా అది కదలలేదు. విమానం దిగేటప్పుడు ఆ గదిలో గిన్నెలు అదురుతాయి. గోడకు వెంట్రుకంత నెర్రె లేదు. తమరు ఏ రోజైనా వచ్చి చూడవచ్చును.

5. ఈ మార్చిలో, కుళాయి కావాలని కాళమ్మ పెట్టుకున్న అర్జీ మీద, తమ కార్యాలయం జూనియర్ ఇంజనీరు మణికుమార్ గారు కొలతలకు వచ్చారు. ఇక్కడే పుట్టి పెరిగినవారు, మర్యాదస్తులు. పూత లేని చోట గోడలో ఎర్రటి ఇటుక నలుసులు చూసి, తాళంచెవితో గీసి చూశారు. రాలలేదు. "ఏమి ఇసుక వాడారు, మేస్త్రీజీ?" అని అడిగారు.

నేను చెప్పాను. చెప్పడమే కాదు, సంతోషంగా చెప్పాను. మూడేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏరడం, కడగడం, నానబెట్టడం, అంతా చెప్పాను. ఆయన వింటూనే పెన్ను మూత పెట్టేశారు.

"మేస్త్రీజీ, మీరు రేత్, ఇసుక, అని ఒక్క మాట అనేసి ఉంటే నేను అదే రాసుకుని వెళ్లిపోయేవాడిని. ఇప్పుడు విన్నాక ఏం రాయమంటారు?" అన్నారు.

"ఉన్నది రాయండి, సాబ్" అన్నాను.

ఉన్నదే వ్రాశారు. వారి తప్పు లేదు. ఏప్రిల్ 22న నోటీసు వచ్చింది. "ఆమోదము లేని పదార్థముతో నిర్మించిన కట్టడము" అని, ముప్పై రోజులలో తొలగించవలెనని, నన్ను వార్డు పనుల మేస్త్రీల జాబితా నుండి తీసివేయడమైనదని అందులో ఉన్నది. నోటీసు నేనే చదివి వినిపించాను. అంతా విన్నాక కాళమ్మ అడిగింది:

"ఎందుకు సెప్పీసినావు, తమ్ముడా? ఇసకే కదా అడిగినాడు. ఇసక అనీస్తే పోయేది."

జాబితాలో నా పేరు పోయినందుకు ఈ అర్జీ పెట్టడం లేదు. నా మోకాళ్లకు పరంజా ఎక్కే ఓపిక ఎలాగూ తగ్గింది. కాళమ్మ అడిగిన ఆ ప్రశ్న కోసం పెడుతున్నాను.

6. పరీక్ష జరిపించండి, నిలవకపోతే నేనే పడగొడతాను అని అడుగుటకు కార్యాలయమునకు ఏడుసార్లు వచ్చాను. పరీక్షకు ఫారం ఉన్నది, నింపమన్నారు. అందులో "ఇసుక లభించిన స్థలము" అని ఉన్నది. దాని కింద మూడు గళ్లు: నది, క్వారీ, దిగుమతి. మాది మూడింటిలో ఏదీ కాదు. కౌంటరులో ఉన్న గుమాస్తా గారిని అడిగితే, "నాలుగో గడి లేదు, భయ్యా. ఏదో ఒకటి టిక్ పెట్టు" అన్నారు.

ఒకసారి నిజం చెప్పి ఇంత దూరం వచ్చాక నది అని టిక్ పెట్టడానికి చెయ్యి రాలేదు. గళ్ల పక్కన ఖాళీలో "పాత క్వార్టరు గోడ" అని వ్రాశాను. ఫారం అసంపూర్ణమని తిప్పి పంపారు. మరొక ఫారం నింపాను, మళ్లీ అలాగే వ్రాశాను. మళ్లీ వచ్చింది. నాలుగోసారి ఆ గుమాస్తా గారే నాకు మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టారు. మనిషిగా ఆయనకు నా మీద జాలి ఉంది. ఫారానికి లేదు.

7. ఈ పేరా వ్రాయవద్దని అసిరయ్య నాతో చెప్పాడు.

గత ఏడాది నుండి అతనికి ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడతాడు. మాలు కలిపే పార ఎత్తలేడు. ఆస్పత్రిలో ఫోటో తీసి, ఊపిరితిత్తుల్లో రాతిధూళి పేరుకుందని, ఇక పోదని, ధూళికి దూరంగా ఉండడమొక్కటే మార్గమని చెప్పారు. నా దగ్గరకు రాకముందు అతను క్వారీలో రాయి కొట్టిన మనిషి. అక్కడ ఎనిమిదేళ్లు చేశాడు. మల్బా పెళ్లలను మాతో మూడేళ్లు కొట్టాడు. మొదటి ఏడాది మేము పొడిగానే కొట్టాము, మాకు తెలియదు. ఎండలో ఇద్దరం తెల్లగా అయిపోయి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్న రోజులున్నాయి.

అందులో క్వారీది ఎంత, నాది ఎంత అని డాక్టరు గారిని అడిగాను. అలా విడదీసి చెప్పలేమన్నారు.

ఆ మొదటి ఏడాది తరువాత నుండి తడపకుండా ఒక్క పెళ్ల కూడా కొట్టనివ్వలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే ఎవరినీ కుప్ప దగ్గరకు రానివ్వలేదు. కానీ అది అతనికి ఆలస్యమైన జాగ్రత్త. ఇప్పుడు అతను మా చూరు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, మేము పనిచేస్తుంటే "తడుపు, ఇంకా తడుపు" అని చెబుతూ ఉంటాడు.

ఈ అర్జీ సంగతి చెప్పినప్పుడు అన్నాడు:

"నా దగ్గు సంగతి రాయకు, అన్నా. రాస్తే ఆ వంక పెట్టి మొత్తం ఆపీస్తారు. మా అప్ప గోడ పోద్ది."

"రాయకపోతే రేపు ఇంకొకడు పొడిగా కొడతాడురా" అన్నాను.

అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అయితే రాయి. బాగా రాయి" అన్నాడు.

బాగా వ్రాయడం నాకు చేతకాలేదు. ఉన్నది వ్రాశాను.

కావున ప్రార్థించునది ఏమనగా: తమరు గాని, తమరు నమ్మినవారు గాని వచ్చి కాళమ్మ గోడ నుండి ముక్క తీయించి పరీక్ష చేయించవలెను. నిలవదని తేలితే సమ్మెట నేనే పడతాను, మరొకరి చేత కొట్టించనవసరం లేదు. నిలుస్తుందని తేలితే ఆ ఫారంలో నాలుగో గడి ఒకటి పెట్టించవలెను. మా వీధి వెనక పల్లంలోనే ఒక షెడ్డు వేసి, నీళ్లు చల్లుతూ పెళ్లలు నలిపే మిషను ఒకటి పెట్టించినట్లయితే కాలువ తెరుచుకుంటుంది, చిన్న పనులకు ఇసుక దొరుకుతుంది, మనిషి ఊపిరి పెట్టి కొట్టే అవసరం ఉండదు. ఆ మిషను దగ్గర ఏది తీసేయాలో, ఎంత నాననివ్వాలో చెప్పడానికి అసిరయ్యను కూర్చోబెట్టవలెను. అతను బరువు ఎత్తలేడు గాని, చేత్తో పట్టి చూసి చెప్పగలడు. ధూళి లేని చోట కుర్చీ వేస్తే చాలు.

నేను అలసిపోయాను, అయ్యా. ఇదే మాట ఏడుసార్లు నిలబడి చెప్పాను. ఇది కూర్చుని వ్రాసినది, కనుక తమరు కూడా కూర్చుని ఒకసారి చదివి, మా మొర చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
మైలపల్లి తాతబ్బాయి,
తాపీమేస్త్రి, బ్రూక్షాబాద్.

తరువాత చేర్చినది, 23 మే 2025:

పై అర్జీ పట్టుకుని రెండుసార్లు వచ్చాను. తమరు నికోబార్ టూరులో ఉన్నారని, ఓడ ఎప్పుడు తిరిగివస్తుందో తెలియదని అన్నారు. ఈసారి తమ చేతికే ఇవ్వాలని సంచిలో ఉంచుకున్నాను. ఈలోగా నోటీసు గడువు తీరిపోయింది.

ఈ రోజు పొద్దున పది గంటలకు నలుగురు పనివాళ్లతో మణికుమార్ గారు లంబాలైన్ వచ్చారు. నాకు కబురు వచ్చి వెళ్లేసరికి కాళమ్మ పొయ్యి, గిన్నెలు బయట పెట్టేసుకుంది. పనివాళ్లకు తాగడానికి నీళ్లు ఇచ్చి, తాను పక్కింటి అరుగు మీద కూర్చుంది. అసిరయ్యను రావద్దన్నాము. వచ్చాడు.

సమ్మెట పట్టినవాడు అప్పలరాముడు. తాపీ పట్టడం నా దగ్గర నేర్చుకున్నవాడు. "ఏమీ అనుకోకండి, మేస్త్రీ" అన్నాడు.

"ముందు నీళ్లు చల్లు. పైవరస నుంచి రా" అన్నాను.

తడిపి కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలకు దిమ్మ పగిలింది. మాలు వదలలేదు. అప్పలరాముడు నా వైపు చూశాడు. మళ్లీ కొట్టాడు. దిమ్మలే సగానికి విరుగుతున్నాయి, అతుకు మాత్రం అతుకులాగే ఉంది. ఎడమవైపు సగం గోడ తీయడానికి గంటన్నర పట్టింది. కింద పడిన వాటిలో రెండు సగం దిమ్మలు ఒకదానికొకటి కరుచుకుని ఉన్న ముక్కను మణికుమార్ గారు వంగి తీసుకున్నారు. రెండు చేతులతో విడదీయాలని చూశారు. సమ్మెట ఇమ్మని అతుకు మీద ఆయనే ఒక దెబ్బ వేశారు, అయినా విడలేదు. తరువాత దానిని ఖాళీ సిమెంటు గోనెలో పెట్టి, తేదీ వేసి, కింద సంతకం చేశారు.

"బస్, చాలు, ఆపేయండి" అన్నారు పనివాళ్లతో. తన కాగితం మీద "వర్షము కారణముగా పని నిలిపివేయడమైనది" అని హిందీలో వ్రాసుకున్నారు. అప్పటికి ఆకాశంలో మబ్బు లేదు. గంట తరువాత నిజంగానే వాన వచ్చింది.

మణికుమార్ గారు నా చేతికిచ్చిన ఆ గోనె ఈ అర్జీతో జతపరచడమైనది. తమ బల్ల మీద పెట్టడానికి బరువనిపిస్తే ఆ దీదీని ఎత్తమనవద్దు, నేను బయటే ఉంటాను, పిలవండి.

సగం గోడ నిలిచి ఉంది. దాని పక్కనే పొయ్యి పెట్టుకుని కాళమ్మ ఈ మధ్యాహ్నం అన్నం వండింది. మా అందరికీ పెట్టింది, మణికుమార్ గారికి కూడా. నేను చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే, "నువ్వు సెప్పింది సెప్పినావులే" అంది.

తెరిచి ఉన్న వైపు వాన రాకుండా టార్పాలిన్ కట్టాము. దాని మీద తమ కార్యాలయం పేరు అచ్చువేసి ఉంది. మణికుమార్ గారు జీపులోంచి తీసి ఇచ్చారు, ఎవరికీ చెప్పవద్దన్నారు. లెక్కలో తక్కువైతే ఆయన్ని అడగకండి, అయ్యా. తాతబ్బాయి అనే మేస్త్రి ఎవరూ చూడకుండా పట్టుకుపోయాడని వ్రాసుకోండి. ఆ ఒక్క అబద్ధం కింద నేను సంతకం పెడతాను.

తాతబ్బాయి